చెవితో వాయించే అలవాటున్నవాళ్ళకి సైట్ రీడింగ్ సొంతంగా ఎలా వస్తుంది?

ప్రశ్న, క్లుప్తంగా: "చర్చిలో పదేళ్ళుగా కీబోర్డు వాయిస్తున్నాను. రెండేళ్ళ క్రితం డిజిటల్ పియానో కొనుక్కుని క్లాసికల్ సొంతంగా మొదలుపెట్టాను. జి మేజర్ మినుయెట్, ఫర్ ఎలీజ్ మొదటి భాగం వాయిస్తాను. కానీ కొత్త పేజీ ముందు పెడితే ఒక్కో నోటూ లెక్కపెట్టుకోవాల్సి వస్తోంది. ఒక్కో పీస్‌కి నెల పడుతోంది. మా ఊళ్ళో క్లాసికల్ టీచర్ లేరు. సైట్ రీడింగ్ ఎలా మెరుగుపరచుకోవాలి?"

నమస్తే అండి. నేను సికింద్రాబాద్‌లో చాలా ఏళ్ళుగా పియానో చెప్తున్నాను, క్వయర్‌లకి అకంపనిమెంట్ వాయిస్తాను. కీబోర్డు నుంచి పియానోకి వచ్చిన మీలాంటి వాళ్ళు నా దగ్గరికి చాలామందే వస్తారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. సైట్ రీడింగ్ అంటే, ముందెప్పుడూ చూడని పేజీని చూస్తూ అప్పటికప్పుడే వాయించడం.

అసలు విషయం మీ ప్రశ్నలోనే ఉంది. ఒక పీస్ మీద నెల రోజులు కూర్చుంటున్నారు. ఆ నెలలో మీరు నిజంగా చదివేది మొదటి రెండు మూడు రోజులే. తర్వాత చెవికి ట్యూన్ పట్టుబడుతుంది, వేళ్ళకి దారి తెలిసిపోతుంది, కాగితం ఊరికే ఎదురుగా ఉంటుంది. పదేళ్ళు చెవితో వాయించినవాళ్ళకి ఇది మరీ త్వరగా జరుగుతుంది, ఎందుకంటే మీ చెవి గట్టిది. ఆ లెక్కన రెండేళ్ళలో మీరు కొత్తగా చదివిన పేజీలు ఓ ముప్ఫై ఉంటాయేమో. ఒకటో తరగతి పిల్లాడు "ప-ల-క" అని కూడబలుక్కుంటూ చదువుతాడు. కొన్నేళ్ళు పోయాక ఆ పిల్లాడే అక్షరాలు విడిగా చూడడు, మాట మొత్తం ఒక్క చూపులో చూస్తాడు. మధ్యలో జరిగిందల్లా వందల పేజీలు కళ్ళ ముందు నుంచి పోవడమే. మీకు లేనిది కూడా అదే. తెలివీ తక్కువ కాదు, వయసూ అడ్డం కాదు.

కాబట్టి ముందుగా ఒకటి తేల్చుకోండి. పీస్ నేర్చుకునే సాధన వేరు, చదవడానికి చేసే సాధన వేరు. రెండింటి నియమాలూ ఎదురెదురుగా ఉంటాయి. పీస్ నేర్చుకునేటప్పుడు తప్పు వస్తే ఆగాలి, ఆ బార్ (కాగితం మీద రెండు నిలువు గీతల మధ్య ఉన్న ముక్క) పదిసార్లు చేయాలి, ఫింగరింగ్, అంటే ఏ నోట్‌కి ఏ వేలో, సరిచూసుకోవాలి. చదివే సాధనలో తప్పు వచ్చినా ఆగకూడదు, వెనక్కి పోకూడదు, రెండుసార్ల కంటే ఎక్కువ వాయించకూడదు. మూడోసారికి మీ చెవి పని అందుకుంటుంది, కళ్ళకి సెలవు దొరుకుతుంది. రోజుకి పదిహేను నిమిషాలు, వేళ్ళూ బుర్రా తాజాగా ఉన్నప్పుడే, అంటే పీసుల ప్రాక్టీస్ మొదలుపెట్టకముందే చేయండి. ఆదివారం ఒక్కరోజే గంటన్నర కూర్చుంటే ఆ ఫలితం రాదు.

మరి ఆ పదిహేను నిమిషాల్లో ఏం చదవాలి? చాలా సులువైనవి. ఎంత సులువంటే, మొదట్లో మీకు కాస్త నామోషీగా కూడా అనిపిస్తుంది. మీరు నేర్చుకుని వాయించే స్థాయి కంటే రెండు మూడు గ్రేడ్‌లు కిందికి దిగండి. నేను చూసే కొలత ఇది: నెమ్మదైన టెంపోలో, ఎనిమిది బార్లలో ఒకసారికి మించి ఆగిపోతున్నారంటే ఆ పుస్తకం మీకు ఇంకా బరువే. పక్కన పెట్టేసి ఇంకా తేలికది తీయండి.

మీలాంటి వాళ్ళకి నేను మొదట ఇచ్చేది హంగరీ సంగీతకారుడు బార్టోక్ రాసిన మిక్రోకాస్మోస్. 1926 నుంచి 1939 వరకు రాసిన 153 పీసులు, ఆరు సంపుటాలు. మొదటి రెండు సంపుటాలు ఆయన తన కొడుకు పీటర్‌కి అంకితం ఇచ్చారు. మీకు కావలసింది కూడా ఆ రెండే, అంటే 66వ పీస్ వరకు. మొదటి ఆరింటిలో రెండు చేతులూ ఒకే ట్యూన్‌ని ఆక్టేవ్ తేడాతో వాయిస్తాయి, చేతులు ఉన్నచోట నుంచి కదలవు. దీన్నే మొదట ఇవ్వడానికి గట్టి కారణం ఉంది. మోజార్ట్ కాలపు తేలిక సంగీతంలో తర్వాత ఏ నోట్ వస్తుందో మీ చెవి ముందే ఊహించేస్తుంది, చాలాసార్లు ఆ ఊహ కరెక్టే అవుతుంది. అప్పుడు మీరు చదివినట్టు అనిపిస్తుంది కానీ చదివి ఉండరు. బార్టోక్ దగ్గర ఆ ఊహ పనిచేయదు. పాత మోడ్‌లు (మనకి అలవాటైన మేజర్, మైనర్ కాని స్కేల్‌లు), అనుకోని మలుపులు, మీరు ఎదురుచూడని చోట ముగింపులు. కాగితం చూడకుండా ఒక్క బార్ కూడా ముందుకి పోదు. చెవి గట్టిగా ఉన్నవాడి కళ్ళకి ఇంతకంటే మంచి వ్యాయామం నాకు తెలీదు.

మన దేశంలో రచయిత చనిపోయిన 60 ఏళ్ళకి కాపీరైట్ తీరిపోతుంది. బార్టోక్ 1945లో చనిపోయారు కాబట్టి ఇక్కడ ఆ చిక్కు లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు మాత్రం ఇంకా కొనుక్కోవాల్సిందే. దాని తర్వాత గుర్లిట్ ఓపస్ (రచన సంఖ్య) 117, చెర్నీ ఓపస్ 599, చెర్నీదే ఓపస్ 821 తీయండి. ఈ చివరిది 160 చిన్న ఎక్సర్‌సైజులు, ఒక్కోటి ఎనిమిదే బార్లు. కొలిచి ఇచ్చినట్టు ఉంటుంది కానీ, పోనుపోను కష్టమవుతుంది, కాబట్టి మొదటి పేజీల దగ్గరే ఉండండి. ఇవన్నీ కాపీరైట్ తీరిన సంగీతం కాగితాలు పెట్టే ఐఎంఎస్ఎల్‌పీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 2006 నుంచి నడుస్తోంది, నా దృష్టిలో ఊళ్ళో టీచర్ లేని వాళ్ళకి అదొక వరం. ఫోన్‌లో చూసి మాత్రం చదవకండి. చిన్న తెరమీద ఒక లైనే కనబడుతుంది, కళ్ళు ముందుకి పోవడానికి చోటు ఉండదు. ఏ4 కాగితం మీద ప్రింట్ తీయించుకోండి, లేదా పెద్ద టాబ్లెట్ వాడండి.

ఇప్పుడు చదవడం అంటే ఏమిటో దగ్గర నుంచి చూద్దాం. మీకు వచ్చిన మినుయెట్‌నే తీసుకోండి. (దీన్ని చాలాకాలం బాఖ్‌దే అనుకున్నారు. బాఖ్ భార్య ఆనా మాగ్దలేనా నోట్‌బుక్‌లో, 1725 నాటి దాంట్లో ఉంది. రాసింది క్రిస్టియాన్ పెట్జోల్డ్.) మొదటి నాలుగు బార్లలో కుడిచేతికి 16 నోట్స్ ఉన్నాయి. లెక్కపెట్టుకుంటూ చదివేవాడు 16 సార్లు ఆగుతాడు. చదవడం వచ్చినవాడు ఏం చూస్తాడంటే: డి, తర్వాత జి నుంచి మెట్టు మెట్టుగా పైకెక్కి మళ్ళీ డి దగ్గరికి, ఆపైన రెండు జి లు. ఇది రెండు బార్లు. తర్వాతి రెండు బార్లలో కూడా అదే ఆకారం: ఇ, తర్వాత సి నుంచి మెట్లెక్కి పై జి దాకా, ఆపైన కింద రెండు జి లు. అంతే, 16 నోట్స్ ఒకే బొమ్మ రెండుసార్లు అయిపోయాయి. అయిదో బార్ చూడండి: సి, ఆపై డి నుంచి ఎ దాకా దిగడం. ఆరో బార్ అదే, ఒక మెట్టు కింద. ఎడమచేతికైతే రెండో బార్ నుంచి ఆరో బార్ వరకు బార్‌కి ఒకే నోట్, బి, సి, బి, ఎ, జి, అన్నీ పక్కపక్కనే. మీరు ఈ పీస్ బట్టీ పట్టేశారు కాబట్టి ఇవేవీ గమనించి ఉండరు. ఇవాళ పియానో ముట్టుకోకుండా ఆ కాగితం తీసి ఇవన్నీ వెతకండి.

నోట్స్‌ని పేరుతో కాకుండా దూరంతో చదవడం అలవాటు చేసుకోవాలి. గుర్తులుగా మూడు చాలు: ట్రెబుల్ క్లెఫ్ గుర్తు చుట్ట చుట్టుకునే గీత, కింద నుంచి రెండోది, జి. బాస్ క్లెఫ్ రెండు చుక్కల మధ్య గీత, పై నుంచి రెండోది, ఎఫ్. రెంటి మధ్యలో మిడిల్ సి. మిగతావన్నీ అక్కడి నుంచి, లేదా ఇప్పుడే వాయించిన నోట్ నుంచి ఎంత దూరమో చూడండి. గీత మీద నుంచి పక్క ఖాళీలోకి పోతే పక్క తెల్ల కీ. గీత నుంచి పక్క గీతకి పోతే థర్డ్, మధ్యలో ఒక కీ వదలాలి. మధ్యలో ఒక గీత వదిలేసి ఆ పై గీతకి పోతే ఫిఫ్త్, చేయి మామూలుగా పరిచి పెడితే బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఉన్న దూరం. వరుసగా మూడు గీతల మీద మూడు నోట్స్ నిలువుగా పేర్చి ఉన్నాయంటే, అది మీ చేతికి పదేళ్ళుగా తెలిసిన కార్డే.

ఇక్కడే మీకు ఒక పెద్ద లాభం ఉంది, దాన్ని వదులుకోకండి. కార్డులు తెలియని పిల్లలకి మోజార్ట్ సి మేజర్ సొనాటా, కె. 545, మొదటి బార్ ఎడమచేతిలో ఎనిమిది నోట్స్ కనబడతాయి: సి జి ఇ జి, సి జి ఇ జి. మీకు సి కార్డ్ కనబడాలి. తర్వాతి బార్ మొదటి సగం డి జి ఎఫ్ జి, అది జి సెవెన్త్, తర్వాత మళ్ళీ సి. ఆదివారం ఆరాధనలో కళ్ళు మూసుకుని వేసే మార్పు అది. కాగితం మీద విడగొట్టి రాసిన కార్డుని కలిపి చూడటం అలవాటైతే మీ వేగం మీకే ఆశ్చర్యం కలిగిస్తుంది. రోజూ రెండు నిమిషాలు ఏదో ఒక పేజీ తీసి, వాయించకుండా, ఎడమచేతి బార్ల మీద పెన్సిల్‌తో కార్డ్ పేర్లు రాయండి.

కార్డ్ పేర్లు రాయొచ్చు, నోట్ పేర్లు మాత్రం రాయకండి. ఇది ఖచ్చితంగా చెప్తున్నాను. నోట్ కింద "ఎ", "ఎఫ్" అని రాసి ఉంటే కన్ను అక్షరాన్నే చదువుతుంది, నోట్‌ని ఎప్పటికీ చదవదు. ఇప్పటికే రాసి ఉంటే చెరిపేయండి. కీల మీద స్టిక్కర్లు ఉంటే పీకేయండి. యూట్యూబ్‌లో పై నుంచి రంగు పట్టీలు పడే వీడియోలు చూసి వాయించడం కూడా ఇంతే. పీస్ రావచ్చు, చదవడం రాదు.

ఇంకో అలవాటు ట్రాన్స్‌పోజ్ బటన్. మన దగ్గర చర్చి కీబోర్డు ప్లేయర్లలో చాలామంది పాడేవాళ్ళ శ్రుతి ఏదైనా సి స్కేల్‌లోనే వాయిస్తూ బటన్ నొక్కి మార్చుకుంటారు. అందులో తప్పేమీ లేదు, పాట నడవాలి కదా. కానీ దానివల్ల జి, డి, బి ఫ్లాట్ స్కేల్‌లు చేతికి రావు. కీ సిగ్నేచర్‌లో, అంటే లైన్ మొదట్లో ఉండే గుర్తుల్లో, రెండు షార్ప్‌లు కనబడగానే టెన్షన్ మొదలవుతుంది, ప్రతి ఎఫ్ దగ్గరా, ప్రతి సి దగ్గరా గుర్తు చేసుకోవాల్సి వస్తుంది. చేతికి డి మేజర్ తెలిస్తే గుర్తు చేసుకోవాల్సిన పనే ఉండదు, వేలు దానంతటదే నల్ల కీ మీదికి పోతుంది. కాబట్టి ఇంట్లో ఆ బటన్ సంగతి మర్చిపోండి. జి, ఎఫ్, డి, బి ఫ్లాట్, ఎ మేజర్ స్కేల్‌లు, వాటితో పాటు ఒకటి నాలుగు అయిదు కార్డులు, సరైన ఫింగరింగ్‌తో రోజూ వేయండి. చదవబోయే పీస్ ఏ కీ లో ఉంటే ముందు ఆ స్కేల్ ఒకసారి వేసి మొదలుపెట్టండి.

చేతులు చూడటం మానాలి. కన్ను కిందికి దిగి మళ్ళీ పైకి వచ్చేసరికి ఏ లైన్‌లో ఉన్నామో పోతుంది. రెండు రెండుగా, మూడు మూడుగా ఉన్న నల్ల కీలని తడిమి చోటు కనుక్కోవడం నేర్చుకోండి. రెండు నల్ల కీల ఎడమ పక్కన సి, మూడు నల్ల కీల ఎడమ పక్కన ఎఫ్. పలచటి తువాలు చేతుల మీద కప్పుకుని అయిదు నిమిషాలు వాయించి చూడండి. చేయి ఒకేసారి చాలా దూరం దూకాల్సి వచ్చినప్పుడు ఒక చూపు చూడటం తప్పు కాదు, అందరూ చూస్తారు. తల వంచకుండా కళ్ళు మాత్రమే దించండి.

లయ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మీరు ఆరాధనలో వాయించేవాళ్ళు. కాగితం మీద లయని చదవడం మాత్రం విడిగా సాధన చేయాలి. వాయించే ముందు రెండు చేతులతో తొడల మీద తట్టండి, కుడి లైన్ కుడిచేత్తో, ఎడమ లైన్ ఎడమచేత్తో. ఒక బీట్‌లో నాలుగు సిక్స్‌టీన్త్ నోట్స్ ఉంటే తకధిమి, 6/8 లో అయితే తకిట తకిట. మనకి ఇవి చిన్నప్పటి నుంచి చెవిలో ఉన్నవే, ఇంగ్లీషులో లెక్కపెట్టే ఒన్-ఇ-అండ్-అ కంటే మన నాలుకకి హాయిగా పలుకుతాయి. తట్టడంలో రాని లయ కీల మీద అసలు రాదు.

ఇక వాయించే పద్ధతి. ముందు అర నిమిషం చూడండి. సంగీతంలో గ్రేడ్ పరీక్షలు పెట్టే ఏబీఆర్ఎస్ఎమ్ బోర్డు పరీక్షలో కూడా అభ్యర్థికి ఇచ్చేది అర నిమిషమే, అందులో కొన్ని బార్లు వాయించి చూసుకోవచ్చు కూడా. చాలామంది పిల్లలు ఆ అర నిమిషం మొదటి బార్‌నే మళ్ళీ మళ్ళీ వాయించి వృథా చేస్తారు. మొదటి బార్ ఎలాగూ వస్తుంది. మీరు చూడాల్సింది కీ, టైమ్ సిగ్నేచర్, చేతులు మొదలయ్యే చోటు, అన్నిటికంటే ముఖ్యంగా పీస్‌లో అతి కష్టమైన బార్. టెంపో ఆ బార్‌ని బట్టి పెట్టుకోవాలి. అక్కడ నిమిషానికి 50 బీట్ల దగ్గరే వాయించగలరనుకుంటే మొత్తం 50 లోనే. మొదలుపెట్టేముందు ఒక ఖాళీ బార్ పైకి లెక్కపెట్టండి, ఆ లెక్క చివరిదాకా ఆగకూడదు.

తప్పిపోతే? ఎడమచేయి వదిలేయండి, కుడిచేతితో లాక్కురండి. అదీ పోతే ఊరుకుని లెక్క మాత్రం నడపండి, తర్వాతి బార్ మొదటి బీట్‌లో దిగండి. క్వయర్ పాడుతుంటే అకంపనిస్ట్ చేసేది అదే. తప్పు నోట్ పడితే వినేవాళ్ళు మరుక్షణంలో మర్చిపోతారు, లయ తెగితే నలభై మంది ఆగిపోతారు. ఇంట్లో ఒక్కరే వాయిస్తున్నా నలభై మంది పాడుతున్నట్టే వాయించండి.

కళ్ళు చేతుల కంటే ముందు నడవాలి. 1974లో జాన్ స్లోబోడా అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. చూసి వాయిస్తున్నవాళ్ళకి మధ్యలో నోట్స్ కనబడకుండా చేసి, ఆపైన ఇంకా ఎన్ని నోట్స్ సరిగ్గా వాయించగలరో లెక్కపెట్టారు. బాగా చదివేవాళ్ళు ఆరేడు నోట్స్ దాకా వెళ్ళారు, తడబడేవాళ్ళు మూడు నాలుగు దగ్గరే ఆగిపోయారు. ఈ దూరాన్ని బలవంతంగా పెంచుకోలేం, నోట్స్‌ని గుంపులుగా చూడటం వచ్చేకొద్దీ అదే పెరుగుతుంది. అయితే ఒక పని చేయొచ్చు. ఎక్కడ పొడుగు నోట్ వచ్చినా, ఆ నోట్ నొక్కిన క్షణంలోనే కన్ను తర్వాతి బార్‌కి తోసేయండి. నొక్కిన నోట్‌ని ఇంక చూడాల్సిన పనిలేదు, అది మోగుతోంది. ఇంట్లో ఎవరైనా ఉంటే ఒక అట్టముక్క చేతికిచ్చి, మీరు వాయిస్తున్న బార్‌ని కప్పుకుంటూ పొమ్మనండి. సంగీతం తెలియకపోయినా ఫరవాలేదు, ఒకటి రెండు మూడు అని మీరు పైకి లెక్కపెడుతుంటే చాలు.

టీచర్ లేరన్నారు కాబట్టి తప్పులు ఎవరు పట్టుకుంటారు అనే సందేహం వస్తుంది. మీ డిజిటల్ పియానోలో రికార్డింగ్ ఉంటే వారానికి ఒకసారి చదివిన రెండు పేజీలు రికార్డు చేసి, కాగితం చేత్తో పట్టుకుని వినండి. తప్పు దగ్గర చిన్న గీత పెట్టండి. గీతలన్నీ ఒకేరకమైన చోట పడుతుంటే, ఉదాహరణకి స్టాఫ్ (అయిదు గీతలు) పైన అదనంగా వేసే చిన్న గీతలు, లెడ్జర్ లైన్ల మీద, అప్పుడు ఫోన్‌లో ఫ్లాష్‌కార్డ్ యాప్ పెట్టుకుని కొన్ని వారాలు అదే సాధన చేయండి. వాయిస్తుండగానే తప్పు చూపించి ఆపేసే యాప్‌లు మాత్రం నాకు నచ్చవు. కన్ను వెనక్కి తిప్పే అలవాటుని అవి పెంచుతాయి. చదవడం కాగితంతో వస్తుంది కానీ, మణికట్టు నొప్పి, భుజాల బిగువు మీకు మీరు చూసుకోలేరు. నెలకోసారైనా ఆన్‌లైన్‌లో ఒక అనుభవజ్ఞుడికి మీ చేతులు చూపించండి.

గ్రేడ్ పరీక్షలు రాయాలా అని తరచూ అడుగుతారు. మీకు అవసరం లేదు. కానీ ఏబీఆర్ఎస్ఎమ్, అలాంటిదే అయిన ట్రినిటీ వాళ్ళ సైట్ రీడింగ్ నమూనా పుస్తకాలు స్థాయి ప్రకారం పేర్చి ఉంటాయి, వాటికోసం డబ్బు పెట్టొచ్చు. ఏబీఆర్ఎస్ఎమ్ ప్రాక్టికల్ పరీక్షలో 150 మార్కులకి 21 సైట్ రీడింగ్‌వి.

ఫలితం వారాల్లో కనబడదు, నెలలు పడుతుంది. మొదట తెలిసేది సైట్ రీడింగ్‌లో కూడా కాదు. కొత్త పీస్‌కి నెల పట్టేది రెండు వారాలకి దిగుతుంది. అప్పుడు ఒక మెట్టు కష్టమైన పుస్తకం తీయండి.

చివరగా, మీకు చర్చి ఉంది కాబట్టి ఒకటి. మన తెలుగు కీర్తనల పుస్తకాల్లో సాహిత్యమే ఎక్కువగా ఉంటుంది. ఇంగ్లీషు సర్వీసుల్లో వాడే నాలుగు స్వరాల హిమ్ బుక్ ఒకటి సంపాదించండి. పైన ట్రెబుల్‌లో కాడ పైకి ఉన్నది సోప్రానో, కిందికి ఉన్నది ఆల్టో. బాస్ క్లెఫ్‌లో కాడ పైకి టెనర్, కిందికి బాస్. వారానికి ఒక హిమ్. మొదట సోప్రానో, బాస్ రెండే చదవండి, ప్రతి బీట్‌నీ కింది నుంచి పైకి చూస్తూ. తర్వాత ఆల్టో కలపండి. టెనర్ ఆఖరున, ఎందుకంటే ఎడమచేతికి అందనప్పుడు దాన్ని కుడిచేయి అందుకోవాల్సి వస్తుంది. క్వయర్ ప్రాక్టీస్‌లో మొదటి చరణానికి సోప్రానో, బాస్ లైన్లే వాయించండి. మిగతా రెండూ వాళ్ళు పాడుతుంటారు, మీకు వినబడుతూనే ఉంటాయి. మూడో చరణానికి ఆల్టో కలపండి.